ఆడపిల్లని తీయిస్తే ఇంటి విషయం.. ఆమె వద్దంటే గునా!

దుర్గి మండలంలో అయినా ఇంకెక్కడైనా, మన ఇళ్లలో అబార్షన్ గురించి నలుగురిలో మాట్లాడరు. మాట్లాడాల్సి వస్తే మాత్రం తీర్పు వెంటనే వచ్చేస్తుంది. ఆ తీర్పు దేన్ని బట్టి మారుతుందో గమనించారా?

ఇద్దరు పిల్లలున్న కోడలు, ఒంట్లో ఓపిక లేదు, ఈసారి వద్దు అంటే 'గునా' అంటారు. 'నువ్వు తల్లివేనా' అని కూడా అంటారు. అదే ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి ఆమెని పట్నం తీసుకెళ్లి 'చూపించుకొస్తే' అందరికీ సంగతి తెలిసినా ఎవరూ నోరెత్తరు. అది ఇంటి విషయం అయిపోతుంది. నేను బీకాం చదివాను. ఒకే ఖర్చుని రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా రాస్తే ఆడిటర్ ఊరుకోడు. ఇక్కడ మాత్రం అందరం ఊరుకుంటున్నాం.

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన చట్టం 1994 నాటిది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 ఉంటే, 2011 జనాభా లెక్కల నాటికి 939కి తగ్గారు.

ఆడవాళ్లని తిట్టడమే వివక్ష అనుకుంటాం. పొగడ్తలోనూ వివక్ష ఉంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ 1996లో వివరించారు. 'ఆడది అంటే అమ్మ, త్యాగమూర్తి' అనే మాట అలాంటిదే. వినడానికి గౌరవంగా ఉంటుంది. కానీ తల్లి కావడమే ఆమె పని అన్నాక, వద్దనే హక్కు ఎక్కడిది? న్యూజిలాండ్‌లో చేసిన పరిశోధనల్లో ఇదే కనిపించింది. ఈ పొగడ్త భావన బలంగా ఉన్నవాళ్లు అబార్షన్‌ని ఎక్కువగా వ్యతిరేకించారు.

ఇక చట్టం. 1971 నాటి ఎంటీపీ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొందరికి 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లతో వీలుంది. అడగ్గానే చేసేస్తారని కాదు, చట్టం చెప్పిన కారణం ఉండాలి. పెద్దామె అయితే సంతకం ఆమెది ఒక్కటే చాలు. భర్తదో అత్తదో సంతకం తెమ్మని చట్టం ఎక్కడా అడగలేదు. పెళ్లి కాని ఆడవాళ్లకీ ఇదే హక్కు వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 'మీ ఆయన్ని తీసుకురా' అనే మాట ఆస్పత్రుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

'దీన్‌లో హరామ్ కదా' అని అడిగేవాళ్లున్నారు. ఫిఖ్‌లో 120 రోజుల ముందు, తర్వాత అనే తేడా ఉంది. 120 రోజులు దాటాక తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప కుదరదని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ కౌన్సిల్ 1990లో తీర్మానించింది. అంతకుముందు విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి, మీరు నమ్మే ముఫ్తీని అడగండి. కానీ ఆడపిల్ల అని తీయించుకోవడానికి దీన్‌లో ఏ దారీ లేదు. పుట్టిన ఆడబిడ్డని పాతిపెట్టే జాహిలియా ఆచారాన్ని ఖుర్‌ఆన్ ఎంత గట్టిగా ఖండించిందో మన పిల్లలకి మక్తబ్‌లోనే చెబుతాం.

'ఊళ్లో తెలిస్తే బద్నామ్' అనే భయంతోనే చాలామంది నాటు మందుల దాకా వెళ్తారు. చట్ట ప్రకారం చేయించుకున్న మహిళ పేరు, వివరాలు డాక్టర్ బయటపెట్టకూడదు. చట్టం అనుమతించిన అధికారికి తప్ప ఎవరికి చెప్పినా ఏడాది వరకు జైలు పడొచ్చు.