సెల్‌ఫోన్‌లో బొమ్మ టీవీలో చూడవచ్చు
వైరు కొనేముందు ఫోను సంగతి తెలుసుకోవాలి

శ్రీకాకుళం (ఘంటసాల మండలం): ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, ఆముక్తమాల్యద రాయమని కృష్ణదేవరాయలకు ఆనతిచ్చిన ఊరు ఇది. నేడు ఇక్కడైనా, దివిసీమలోనైనా పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దలకు మనుమల ముఖం కనిపించేది సెల్‌ఫోన్‌లోనే. బెత్తెడు తెర కంటికి ఆనని వారు అదే బొమ్మను ఇంట్లో టీవీ మీద చూసుకోవచ్చు.

స్మార్ట్ టీవీ అయితే వైరు అక్కరలేదు. ఫోనును, టీవీని ఒకే వైఫైకి కలిపి, ఫోన్‌లో ‘కాస్ట్’ నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే చాలు. రెండింటిలోనూ ‘మిరాకాస్ట్’ సౌకర్యం ఉంటే, నెట్ లేకున్నా నేరుగా కలుస్తాయి.

పాత టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే వైరుతో కలపవచ్చు. అయితే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఛార్జింగ్ పోర్టు నుంచి బొమ్మ రాదు. అందుచేత దుకాణంలోనే తగిలించి చూసి మరీ వైరు కొనడం మేలు. పెళ్లి వీడియోల వంటివాటికి, టీవీకి యూఎస్‌బీ పోర్టు ఉంటే పెన్‌డ్రైవ్ సరిపోతుంది.

ఫోను తెర మొత్తం టీవీకెక్కినప్పుడు బ్యాంకు ఓటీపీ వస్తే గదిలో అందరికీ కనిపిస్తుందని మరువరాదు. టీవీ కలిపి పెడతామంటూ ముక్కూమొహం తెలియనివారు ఫోన్ చేసి, ఏదో యాప్ దించుకోమంటే వినరాదు. అటువంటి యాప్‌తో మన తెర వారి కంటికీ కనిపిస్తుంది. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.