ఇంట్లో బీరు, వీధిలో కొట్టు

అమెరికాలో బీరు కొనుక్కుని తాగేవాళ్ళు కోట్లమంది. అందులో వింతేమీ లేదు. ఇంట్లోనే కాచుకునేవాళ్ళు కూడా బోలెడుమంది ఉన్నారనీ, వాళ్ళకోసం ప్రత్యేకంగా కొట్లున్నాయనీ సియాటిల్ పక్క మా అబ్బాయి యింటికి వెళ్ళాకనే నాకు తెలిసింది. చుక్క ముట్టనివాడికి యీ గొడవ ఎందుకయ్యా అంటారేమో! నాకు ముచ్చట వేసింది బీరు చూసి కాదు, కొట్టు చూసి.

పొరుగింటాయన వెంట వెళ్ళాను. తలుపు తీయగానే పేలాలు వేయించినట్టు కమ్మని వాసన. గోడ పొడుగునా డబ్బాల్లో బార్లీ గింజలు: కొన్ని లేత పసుపు, కొన్ని తేనెరంగు, కొన్ని కాఫీగింజలంత నలుపు. అన్నీ మొలకెత్తించి ఎండబెట్టినవే. పసిపిల్లలకు రాగిమాల్టు చేసే తల్లులకు యీ కిటుకు చెప్పనక్కరలేదు. మొలకెత్తిన గింజను చితక్కొట్టి, 65 నుంచి 68 సెంటిగ్రేడు డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యనినీటిని వడకట్టి, హాప్సు అనే చేదు పూలు వేసి, మరో గంట మరగబెట్టి, చల్లార్చి, యీస్టు కలిపి మూతపెడతారు. ఆ పైన వారం పదిరోజులు యీస్టు తన పని తాను చూసుకుంటుంది.

ఈ వేడుకకు చట్టం ఒప్పుకోవటానికి చాలాకాలం పట్టింది. 1920లో మద్యనిషేధం వచ్చాక కిరాణాకొట్లలో మాల్టు పాకం డబ్బాలు, రొట్టెలకని చెప్పి, తెగ అమ్మేవారట. ఎన్ని రొట్టెలు కాలాయో దేవుడికెరుక! 1933లో నిషేధం పోయినా, యింటి బీరుకు మాత్రం 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టేదాకా అనుమతి రాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళున్న యింట్లో ఏడాదికి 200 గాలన్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా బిగుసుకునే కూర్చున్నాయి. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాయటం నేరమే. కనుక యిది చదివి ఎవరూ అటకమీది గంగాళం దించవద్దు.

మేమున్నప్పుడే ఒక కుర్రవాడు వచ్చి సీసా మూతలూ, చక్కెరా కావాలన్నాడు.

"యీస్టు వేసి ఎన్నాళ్ళయింది?" అంది కొట్టు ఆమె.

"నాలుగు రోజులండీ. బుడగలు తగ్గిపోయాయి."

"హైడ్రోమీటరుతో చూశారా?"

చూడలేదన్నాడు. హైడ్రోమీటరంటే పాలు పరీక్షించే లాక్టోమీటరుకు అన్నగారు. రెండుమూడు రోజులపాటు దాని లెక్క మారకుండా ఉంటేనే పులియటం పూర్తయినట్టు. లోపల చక్కెర మిగిలి ఉండగానే సీసాలకెత్తి, నురగకోసం మరికాస్త చక్కెర వేసి బిగిస్తే, గ్యాసు పోయే దారిలేక గాజుసీసా బాంబులా పేలుతుంది. కళ్ళు పోవచ్చు. అయిదు గాలన్లకు నాలుగైదు ఔన్సుల చక్కెర చాలు. అదీ సమయం చూసి.

ఆమె మూతలు యివ్వలేదు. "లెక్క నిలిచాక రండి, యిస్తాను" అని హైడ్రోమీటరు ఒక్కటే అమ్మింది. వచ్చిన బేరాన్ని యిలా వెనక్కి పంపే వర్తకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇంటర్నెట్‌లో ఆర్డరిస్తే యివే సరుకులు కొంచెం చవకగా గుమ్మంలోకి వస్తాయి. పార్సిలు పెట్టె ఏమీ అడగదు. చాలా ఊళ్ళలో యీ కొట్లు మూతబడుతున్నాయంటే అందుకు ఆ చవక కూడా ఒక కారణం. పొరుగింటాయన యింటి దగ్గరున్న కొట్టూ అలాగే పోయిందట. పొడి చేసిన గింజ త్వరగా రుచి చెడుతుంది కాబట్టి ఆయన కావలసినంతే తూయించి, కొట్లోని మరలో అప్పటికప్పుడు ఆడించుకుంటాడు. తడి యీస్టు ఎండకు ఆగదు. వేసవిలో పార్సిలు బండిలో వస్తే సగం చచ్చే వస్తుంది. అందుకని ఆయన నలభై నిమిషాలు కారు నడిపి యిక్కడికే వస్తాడు. తిరుగుప్రయాణంలో మంచు నింపిన పెట్టెలో యీస్టు పొట్లం పెట్టి నా ఒళ్ళో ఉంచాడు, పసిబిడ్డను అప్పగించినట్టు.