రాష్ట్రపతి చెప్పే రెండు మాటలకు ఇలువ ఎంత?

రాష్ట్రపతి ముంగట ఓ యాబై మంది నిలవడి ఉంటరు. కొత్తగ కొలువెక్కిన ఆఫీసర్లో, అవార్డు తీస్కున్న టీచర్లో, గూడేల నుంచి వచ్చిన ఆదివాసులో. ఓ చిన్న ప్రసంగం, ఆ తర్వాత గ్రూపు ఫొటో. గంతే. మియాపూర్ హాస్టళ్లల్ల ఉండుకుంట కోచింగులకు, కొలువులకు తిరిగే మన ఊర్ల పోరగాళ్లు గా వీడియో చూసి, ‘గీ మాటలతోని ఏమొస్తది?’ అని పైకి జరుపుతరు. అడగాల్సిన ప్రశ్ననే. జవాబు సుత తెల్సుకోవాలె.

రాష్ట్రపతి ప్రసంగాలు అన్నీ ఒక్క తీరుగ ఉండవు. ఏటా మొదటి పార్లమెంటు సమావేశాలప్పుడు రెండు సభలను కూసోవెట్టి చేసే ప్రసంగం రాజ్యాంగం 87వ ఆర్టికల్‌ల ఉన్నది. అది సర్కారు ప్రసంగం. మంత్రివర్గం ఖరారు చేసిందే రాష్ట్రపతి చదువుతరు. వచ్చినోళ్లతోని మాట్లాడే చిన్న ప్రసంగం గట్ల కాదు. దాంట్ల ఎదురుంగ కూసున్నోళ్ల ముచ్చటనే ఎక్కువ ఉంటది.

దానికి ఓ కట్టు ఉంటది. ముందుగాల పలకరింపు, వచ్చినోళ్ల పనిని మెచ్చుకునుడు, ఓ గొప్ప మనిషిని యాది చేసుడు, ఆఖరికి రెండు సుద్దులు, దీవెన. పలకరింపుల సుత అర్థం ఉంటది. 2022 జులై 25న ప్రమాణం చేసినంక ద్రౌపది ముర్ము ‘జోహార్’ అనుకుంటనే ప్రసంగం మొదలువెట్టిన్రు. మన దిక్కు జోహార్ అంటే అమరులకు చెప్పే మాటనే అనుకుంటం. సంతాలీలకు, ఇంకా మస్తు మంది ఆదివాసులకు అది రోజూ ఎదురుపడ్డప్పుడు పెట్టే దండం. 1982ల హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గ వచ్చిన అబ్దుల్ కలాం, రాష్ట్రపతి అయినంక పిల్లలతోని ప్రతిజ్ఞ చేయించేటోడు. ఆయన ఒక్కో మాట అంటుంటే పిల్లలు ఎంబడి అనేటోళ్లు.

బొల్లారంల ఏం జరుగుతది

గీ పని దిల్లీలనే కాదు, మన తాన సుత జరుగుతది. మియాపూర్ అవతల ఉన్న ఐడీఏ బొల్లారం అనుకునేరు. అది కాదు, అల్వాల్ దాటినంక వచ్చే బొల్లారం. గాడ 90 ఎకరాలల్ల రాష్ట్రపతి నిలయం ఉన్నది. 1860ల కట్టిన ఒక్క అంతస్తు బంగళా. ఒకప్పుడు ఏడాదికి కొన్ని రోజులే జనాన్ని లోపటికి పోనిచ్చేది. 2023 మార్చి సంది ఏడాది పొడుగూత చూడొచ్చు, రాష్ట్రపతి వచ్చి ఉన్న రోజులు తప్ప.

2022 డిసెంబర్‌ల ముర్ము గాడ బస చేసిన్రు. 27న శివరాంపల్లి పోలీస్ అకాడమీల శిక్షణల ఉన్న ఐపీఎస్‌లతోని మాట్లాడిన్రు. నిజాయితీ, ఎవల దిక్కు మొగ్గకపోవుడు, ధైర్యం, పనితనం, ఎదుటోని బాధ అర్థం చేస్కునుడు. గీ ఐదు గుణాలు ఉండాలె అన్నరు. వినేటోళ్లకు ఇది మామూలు సుద్దే. కానీ రేపు గా ఆఫీసరే మీ జిల్లాకు ఎస్పీగ వస్తడు. మీ నాయిన భూమి తగాద కాయితం పట్టుకోని ఆయన ఆఫీసుకే పోతడు. గప్పుడు గీ ఐదు మాటలు మనకు కొలతబద్ద. ప్రసంగం పాఠం రాష్ట్రపతి వెబ్‌సైట్‌ల ఉంటది, ఎవలన్న సదువొచ్చు.

పద్మ అవార్డు, పైసల్లేని గౌరవం

పద్మ అవార్డు ఇచ్చేటప్పుడు ప్రసంగమే ఉండదు. పేరు పిలుస్తరు, మనిషి నడిసొస్తడు, రాష్ట్రపతి పతకం, తన సంతకం ఉన్న సన్నద్ చేతుల వెడ్తరు. 1954ల మొదలైన గీ అవార్డుతోని పైసలు రావు. పేరు ముంగట బిరుదు లెక్క పెట్టుకోనీకి సుత లేదు.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. రెండేండ్లకు, ఆయన హైదరాబాద్ శివారుల కూలి పనికి పోతున్నడని వార్తలొచ్చినయి. అంటే పతకం కడుపు నింపదు. కళాకారునికి పింఛను, పిల్లలకు నేర్పే కొలువు ఇచ్చుడు సర్కార్ల పని. మెచ్చుకున్నంక గది సుత అడగాలె.

అయినా గౌరవం ఉత్తదే అనలేం. కోయ డోలి కొట్టుకుంట తన జాతి చరిత్రలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022ల, బుర్రవీణ దాసరి కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీలు వచ్చినయి. గీ కళల పేర్లు ఎన్నడూ వినని పోరగాళ్లు గప్పుడు ఫోన్లల్ల వెతికిన్రు.

మనం చేసే పని

గా పేర్లు దిల్లీకి ఎట్ల చేరుతయి? ఎవలో ఒకలు రాస్తేనే. పద్మ అవార్డులకు ఎవలన్న ఎవల పేరన్న పంపొచ్చు, తన పేరు తనే సుత పంపుకోవచ్చు. ‘రాష్ట్రీయ పురస్కార్’ పోర్టల్‌ల ఆన్‌లైన్‌లనే పంపాలె. మనిషి చేసిన పని 800 మాటలకు మించకుంట రాయాలె. వచ్చిన పేర్లను ప్రధాని వేసిన కమిటీ చూస్తది. చనిపోయినోళ్లకు, విదేశాల ఉన్నోళ్లకు ఇచ్చేటియి పక్కనవెడితే, ఏడాదికి ఇచ్చేటియి 120కి మించవు. అంటే పంపిన ప్రతి పేరుకు రాదు. చనిపోయినంక ఇచ్చుడు సుత తక్కువే. సకిని రామచంద్రయ్య, గుస్సాడీ కనకరాజు ఇద్దరు 2024లనే పోయిన్రు. బతికుండంగనే గౌరవం అందుకున్నరు.

మీ ఊర్ల ఒగ్గు కథ చెప్పే తాత ఉండొచ్చు, ఇత్తనాలు దాచిన అవ్వ ఉండొచ్చు. దసరాకో సంక్రాంతికో ఊరికి పోయినప్పుడు వాళ్ల పక్కన కూసోండ్రి. ఎన్నేండ్ల సంది చేస్తున్నరు, ఎవలకాడ నేర్చుకున్నరు, ఎంతమందికి నేర్పిన్రు, అన్నీ అడిగి ఫోన్ల రికార్డు చేయుండ్రి. మియాపూర్‌కు తిరిగొచ్చినంక తెలుగులనే ముందుగాల రాసుకోండ్రి. పోర్టల్‌ల పెట్టేటప్పుడు ఇంగ్లీషుకో హిందీకో మార్చనీకి దోస్తుల సాయం తీస్కోండ్రి. అవార్డు రాకున్నా, గా తాత కథ ఒక కాడ రాసి ఉంటది.