ఘటోత్కచుడి లడ్డూలు ఎందుకు సాగినయి?

దసరా సెలవుల్లో గంభీరావుపేటలో మా మేనత్త ఇంట్ల కొత్త టీవీల ‘మాయాబజార్’ చూసినం. రంగారావు ఎట్లాగూ భారీ మనిషే. కానీ సన్నని నాగేశ్వరరావు కూడా బొద్దుగ ఉన్నడు! లడ్డూలు పండబెట్టిన కోడిగుడ్ల లెక్క కనబడ్డయి. కిస్తుల మీద తెచ్చిన టీవీ. “ఖరాబుది అంటగట్టిండ్రు” అని మామ షాపుకు బయలుదేరిండు.

నిజానికి టీవీ మంచిదే. 1957 నాటి ఆ చిత్రంలో బొమ్మ వెడల్పు దాదాపు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. పాత డబ్బా టీవీలదీ అదే కొలత. ఇప్పటి టీవీ 16కు 9. ఎత్తు 9 అయితే పాత బొమ్మకు వెడల్పు 12 చాలు. మిగిలిన 4 పాళ్లు, అటు రెండు ఇటు రెండు, నల్లగ ఉండాలె. రిమోట్ల ‘ఫుల్’ నొక్కితే 12ను 16కు గుంజుతది, ఎత్తు పెరగదు. ‘జూమ్’ నొక్కితే మనుషులు సక్కగుంటరు గానీ, పైన కింద కలిపి బొమ్మల నాలుగోవంతు తెగిపోతది. కిరీటం లేని రాజు!

తెలుగుల మొదటి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974) ఇంకా వెడల్పు. దానికి నలుపు పైన, కింద వస్తది. దాన్నీ నిండుగ సాగదీస్తే మన్యం వీరులంతా వెదురుబొంగుల లెక్క పొడుగైతరు.

అనుమానం ఉంటే తెర మీది గుండ్రని వస్తువును దారంతో అడ్డం, నిలువు కొలవండి. నేను లడ్డూను కొలిచి చూపిన. ‘4:3’ పెట్టంగనే గుండ్రమైంది, మామ చెప్పులు విడిచిండు. అత్త మాత్రం “పైసలు తెర మొత్తానికి కడుతున్నం గదా, ఈ నలుపెందుకు?” అని ఇంకా గునుగుతనే ఉన్నది.