పడవ దిగాక వేడినీళ్ళు

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే మన ఇళ్ళలో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఇక్కడ నీళ్ళు ఎప్పుడొస్తాయి?" పెట్టెలు విప్పకముందే అమ్మ కుళాయి తిప్పి చూస్తుంది. బడి, బజారు ఆ తర్వాతే. ఇప్పుడు చెప్పబోయేదీ నీళ్ళ సంగతే. కాకపోతే అది అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ముందు ఆట గురించి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద పొద్దున్నే సన్నగా, సూదుల్లా దూసుకుపోయే పొడుగాటి పడవలను మీలో కొందరు చూసే ఉంటారు. రోయింగ్ అంటే అదే. వాటిలో అన్నిటికంటే పెద్దది 'ఎయిట్'. ఎనిమిది మంది, మనిషికో తెడ్డు. తమాషా ఏమిటంటే, వాళ్ళు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. గమ్యం వాళ్ళకు కనబడదు. దారి చూస్తూ చుక్కాని నడిపే తొమ్మిదో మనిషిని కాక్స్ అంటారు, మన గోదావరి సరంగు లాగన్నమాట. కూర్చునే పీట చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందుకని బలం చేతులకంటే కాళ్ళనుంచే ఎక్కువ వస్తుంది. ఒళ్ళంతా చెమట. తెడ్లు చిమ్మే నీళ్ళు పైన పడతాయి. పడవకు కప్పు ఉండదు. కనెక్టికట్‌లో మార్చి నెలంటే ఇంకా చలి వదలని కాలం. పడవ దిగగానే వేడినీళ్ళ స్నానం, పొడిబట్టలు లేకపోతే మనిషి జబ్బుపడడం ఖాయం.

యేల్‌లో మగవాళ్ళ రోయింగ్ 1843 నాటిది. ఆడపిల్లలను డిగ్రీ తరగతుల్లో చేర్చుకున్నదే 1969లో. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే వాళ్ళూ తెడ్లు పట్టారు. 1972లో 'టైటిల్ నైన్' అనే చట్టం వచ్చింది. కేంద్రప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారాంశం.

చట్టం వచ్చింది కానీ వేడినీళ్ళు రాలేదు. సాధన చేసే హౌసటానిక్ నది విశ్వవిద్యాలయానికి దూరంగా, డెర్బీ అనే ఊళ్ళో ఉంది. అక్కడి బోట్‌హౌస్‌లో స్నానాల గదులు మగవాళ్ళకే. వాళ్ళు స్నానాలు ముగించి వచ్చేదాకా ఆడపిల్లలు తడిబట్టలతో బస్సులో కూర్చునేవారు. ఆ తర్వాత మళ్ళీ అరగంట ప్రయాణం. కొందరు జబ్బుపడ్డారు. అడిగారు, మళ్ళీ అడిగారు. పని జరగలేదు.

1976 మార్చి 3న పంతొమ్మిది మంది, కెప్టెన్ క్రిస్ ఎర్న్‌స్ట్‌తో కలిసి, మహిళల క్రీడలు చూసే అధికారి గదికి వెళ్ళారు. పైబట్టలు తీశారు. ఒంటి మీద సిరాతో 'టైటిల్ నైన్' అని రాసి ఉంది. చలికి గడ్డకట్టుకుపోతున్నది ఈ శరీరాలేనని చూపించడం వాళ్ళ ఉద్దేశం. ఎర్న్‌స్ట్ ఒక ప్రకటన చదివింది. వెంట పత్రికావిలేకరి ఉన్నాడు. న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. పద్ధతి పెద్దలకు మింగుడుపడలేదు. అయినా మరుసటి ఏడాదికల్లా బోట్‌హౌస్‌లో ఆడపిల్లలకు గదులు వచ్చాయి.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మేము పనిచేసిన ఒక బడిలో ఆటల పీరియడ్ అయ్యాక అబ్బాయిలు మైదానం పక్క కుళాయి దగ్గరే కాళ్ళూ చేతులూ కడుక్కునేవారు. అమ్మాయిలు చెమట బట్టలతోనే తరగతిలోకి వచ్చి కూర్చునేవారు. రెండేళ్ళు పాఠం చెప్పాం. ఎందుకలా అని ఒక్కసారీ అడగలేదు.

సరే, కథకు వద్దాం. ఆ 1976 వేసవిలోనే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళల రోయింగ్ పెట్టారు. దూరం వెయ్యి మీటర్లు, మగవాళ్ళ దూరంలో సగం. 1988 ఒలింపిక్స్‌కు గానీ అది రెండువేల మీటర్లు కాలేదు. మాంట్రియల్‌లో కంచుపతకం గెలిచిన అమెరికా ఎయిట్‌లో యేల్ విద్యార్థిని యాన్ వార్నర్ ఉంది.

తర్వాత ఈ ఆట అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేగంగా పెరిగింది. దానికి ఒక లెక్క ఉంది. అక్కడి ఫుట్‌బాల్ జట్లలో మగపిల్లలు చాలామంది ఉంటారు. చట్టం ప్రకారం ఆడపిల్లలకూ దానికి తగినన్ని అవకాశాలు చూపాలి. ఒక్కో పడవలో తొమ్మిది మంది పట్టే రోయింగ్ అందుకు బాగా పనికొచ్చింది. పైగా కాలేజీకి వచ్చాకే మొదటిసారి తెడ్డు పట్టినవాళ్ళు కూడా ఇందులో రాణించగలరు. 1997లో విశ్వవిద్యాలయాల మహిళలకు జాతీయ స్థాయిలో ఎన్‌సీఏఏ రోయింగ్ పోటీలు మొదలయ్యాయి.

డెర్బీలో 2000లో కొత్త బోట్‌హౌస్ కట్టారు. దాని పేరు గిల్డర్ బోట్‌హౌస్. ఆనాటి పంతొమ్మిది మందిలో ఒకరైన వర్జీనియా గిల్డర్ కుటుంబం దానికి విరాళం ఇచ్చింది. ఆమె 1984 ఒలింపిక్స్‌లో వెండిపతకం గెలిచింది. ఇక కెప్టెన్ ఎర్న్‌స్ట్ చదువయ్యాక ఏ వృత్తిలోకి వెళ్ళిందో తెలుసా? ప్లంబర్ అయింది. ఇళ్ళకు నీళ్ళ గొట్టాలు బిగించే పని.