పొగ రంగును బట్టి పాల వ్యాను జబ్బు

పాల వ్యాను దారిలో ఆగితే శీతలీకరణ కేంద్రం చేరేలోగా క్యాన్లలోని పాలు పులుస్తాయి. నష్టం సంఘానిదే. డీజిల్ ఇంజనులో లోపముంటే తరచుగా పొగగొట్టమే ముందు చెబుతుంది.

నల్లపొగ: డీజిల్ పూర్తిగా మండడం లేదు. మొదట ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించాలి. తగ్గకుంటే నాజిళ్ళు పరీక్ష చేయించాలి.

నీలిపొగ: ఇంజను ఆయిలు మండుతోంది. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. రోజూ ఆయిలు మట్టం చూడాలి.

తెల్లపొగ: చలి ఉదయాన కొద్దిసేపు వస్తే భయం లేదు. ఇంజను వేడెక్కినా ఆగక, రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. డిప్‌స్టిక్‌పై ఆయిలు మజ్జిగలా తెల్లబడి కనిపిస్తే బండి నడపరాదు. ఇంజను చల్లారనిదే రేడియేటరు మూత తీయరాదు.

డ్రైవరు పొగ రంగు రోజూ చూసి, మార్పు కనబడిన నాడే సంఘ కార్యదర్శికి చెప్పాలి.