బ్రేకుల కింద ఓ వంతెన

ముష్టి గింజ విషమని పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. మోతాదు మించి కడుపులో పడితే ఒళ్లు విల్లులా వంగిపోతుంది. చిన్న చప్పుడైనా చాలు, కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. అందులోని స్ట్రిక్నిన్ చేసే పని అది. కండరాలను కదిలించే నాడీకణాలకు వెన్నుపాములో బ్రేకులుంటాయి. పక్క కణం వదిలిన గ్లైసీన్ వచ్చి గ్రాహకాలకు తగిలితే బ్రేకు పడినట్టు. స్ట్రిక్నిన్ ఆ గ్రాహకాలనే పట్టుకుని కూర్చుంటుంది. ఇక ఆపేదెవరు?

ఆ పట్టునే శాస్త్రవేత్తలు గాలంగా వాడుకున్నారు. 1982లో జర్మనీలో హైన్‌రిష్ బెట్జ్ బృందం ఎలుక వెన్నుపాము నుంచి గ్లైసీన్ గ్రాహకాన్ని స్ట్రిక్నిన్ సాయంతోనే వేరుచేసింది. దాంతోపాటు, పిలవని పేరంటంలా, మరో ప్రొటీనూ అంటుకుని వచ్చింది. గ్రాహకం కణం పొరలో ఉంటే, ఇది పొరకు లోపలివైపు ఉంటుంది. గ్రాహకాన్ని కణం లోపలి నిర్మాణానికి కలుపుతుందన్న ఉద్దేశంతో 1992లో జెఫిరిన్ అని పేరుపెట్టారు. గ్రీకులో ఆ మాటకు మూలం 'వంతెన'.

రెండు కణాలు కలిసే చోటు సినాప్స్. గ్లైసీన్ విడుదలయ్యేది అక్కడే. గ్రాహకాలు సరిగ్గా దానికి ఎదురుగా గుంపుగా ఉండాలి. పొరంతా చెల్లాచెదురుగా ఉంటే ఎన్నున్నా లాభం లేదు. మరి వాటిని పోగుచేసేది జెఫిరినేనా? గాజుపళ్లెంలో పెంచిన వెన్నుపాము కణాలు ఆ సంగతి తేల్చాయి. 1993లో వాటిలో జెఫిరిన్ తయారీని అడ్డుకుని చూస్తే, సూక్ష్మదర్శినిలో చుక్కలు చుక్కలుగా కనిపించాల్సిన గుంపులు ఏర్పడనేలేదు. 1998లో ఆ జన్యువు లేకుండా పుట్టించిన చిట్టెలుకలు తొలిరోజే చనిపోయాయి.

అయితే తప్పంతా బ్రేకులదే అనలేం. జెఫిరిన్‌కు మరో కొలువుంది. కొన్ని ఎంజైములకు మాలిబ్డినం అనే లోహం అందేలా చేసేదీ అదే. ఆ పని ఆగితే మెదడు దెబ్బతిని పసితనంలోనే ప్రాణం పోవచ్చు. అలాంటి లక్షణాలున్న ఓ చిన్నారిలో జెఫిరిన్ జన్యువు ముక్కే లోపించిందని 2001లో గుర్తించారు.

ఇంతకీ వంతెన కింద ఎన్ని రాళ్లు? పారిస్‌లో ఆంట్వాన్ ట్రిల్లర్ బృందం 2013లో లెక్కపెట్టింది. ఒక్కో గుంపులో సుమారు 200 నుంచి 600 జెఫిరిన్ అణువులు! అలాగని గ్రాహకాలు కట్టేసినట్టు ఉండవు. ఒక్కో గ్రాహకానికీ మెరిసే నలుసు తగిలించి 2003లో గమనించారు. పళ్లెంలోని కణం పొర మీద అవి చురుగ్గా తిరుగుతూ వచ్చి, సినాప్స్‌లోకి రాగానే నెమ్మదించి, కాసేపుండి, మళ్లీ బయటికి జారుకుంటున్నాయి.